ఓనరమ్మకు క్రిస్మస్ ఇంకా రాలేదట!

ప్రశ్న: మా అమ్మాయి జార్జియాలోని టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. డిసెంబర్ 25న ఇంటి ఓనరమ్మకు కేక్ ఇచ్చి విష్ చేస్తే, ‘మా క్రిస్మస్ జనవరి 7న కదా’ అందట. ఇదెలా? ఇంతకీ ఏ రోజు చెప్పాలండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఆవిడకూ క్రిస్మస్ డిసెంబర్ 25నేనమ్మా! కాకపోతే జార్జియా ఆర్థడాక్స్ చర్చి జూలియస్ సీజర్ నాటి పాత లెక్కనే పాటిస్తుంది, అందులో 25 వచ్చేసరికి మన గోడ మీది క్యాలెండర్‌లో జనవరి 7 అవుతుంది. పాత లెక్కలో ఏడాదంటే 365 రోజుల 6 గంటలు. అసలు ఏడాది అంతకన్నా ఓ 11 నిమిషాలు తక్కువ. నిమిషాలేగా అనుకుంటే శతాబ్దాలు గడిచేసరికి రోజులయ్యాయి. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ దీన్ని సరిచేస్తూ అక్టోబర్ 4 మర్నాడే 15 అనేశారు. ఆర్థడాక్స్ వాళ్లు పోప్ పెత్తనం ఒప్పుకోని వేరే క్రైస్తవ శాఖ, ఆయన చెబితే వింటారా! అప్పటి 10 రోజుల తేడా ఇప్పుడు 13కి చేరింది. రష్యా, సెర్బియా చర్చిలదీ ఇదే పద్ధతి. గ్రీస్, రుమేనియాల్లో మాత్రం మనలాగే 25న. ఉక్రెయిన్ అధికారిక సెలవును 2023లో ఇటు మార్చుకుంది, దానికి పంచాంగం కన్నా రష్యాతో యుద్ధమే పెద్ద కారణం లెండి.

మన పండగ మాత్రం కదలకుండా కూర్చుందా? వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతే. ఇప్పుడేమో 14, ఒక్కోసారి 15.

ఇక మీ అసలు సందేహం. 25న చెప్పినందుకు ఎవరూ నొచ్చుకోరు కానీ, భక్తి ఉన్న ఆర్థడాక్స్ వాళ్లు క్రిస్మస్‌కు ముందు 40 రోజులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు, కాబట్టి ఆ కేక్ ఆవిడ తిన్నారో లేదో నాకు అనుమానమే. ఈసారి కేక్ 7న ఇమ్మనండి. అంతకుముందే ఎదురుపడితే ‘గిలొత్సవ్త్ షోబా-అఖల్ త్సెల్స్’ అంటే సరిపోతుంది, క్రిస్మస్, కొత్త సంవత్సరం రెండూ అందులోనే వచ్చేస్తాయి. ఇంకో సంగతి, పాత లెక్కలో కొత్త సంవత్సరం జనవరి 14న, అక్కడ చాలా ఇళ్లలో ఆ రోజు మళ్లీ విందు చేసుకుంటారు. మీరు ఎలాగూ అరిసెలు పంపుతారుగా, నాలుగు ఆవిడకూ కలిపి కట్టండి.