పిల్ల నోరు ముట్టుకోకు

మహబూబ్‌నగర్

చెల్లె,

మీ పాప మీద కథ రాసి నువ్వు పంపిన నాలుగు పేజీలు నిన్న రాత్రే చదివాను. రొట్టె దగ్గర పడీ పడీ నవ్వాను. మిగతా చోట్ల నవ్వబోయి ఆగిపోయాను.

మొదటి పేజీలోనే "మా పాప మహా మొండిది" అని మూడుసార్లు రాశావు. ఒక్కసారి కూడా అక్కర్లేదు. జొన్నరొట్టె తుంచి పళ్ళెంలో పెట్టినందుకు నాలుగేళ్ళ పిల్ల అతికించమని కూర్చుంది. కొత్తది కాల్చి ఇస్తే వద్దంది, ఆ రొట్టే కావాలట. మీ ఆయన నెయ్యి రాసి రెండు ముక్కలూ నొక్కి పట్టుకున్నాడు. మీ అత్తమ్మ తడి పిండి పూసి మళ్ళీ పెనం మీద వేసింది. ముగ్గురు పెద్దవాళ్ళు రొట్టెకు కట్టు కడుతుంటే, పిల్ల పీట మీద కూర్చుని మేస్త్రీలా చూస్తోంది. ఇంత మంచి సంగతిని ఐదు వాక్యాల్లో దాటేసి, పిల్లల పెంపకం మీద పేజీన్నర రాశావు. అది తీసెయ్యి. ఆ చోటు రొట్టెకివ్వు.

ఇంకోటి. ఫోన్‌లో చెప్పినప్పుడు పాప "గట్ల కాదు, మంచిగ అతికియ్యి" అందన్నావు. కాగితం మీదికొచ్చేసరికి "అలా కాదమ్మా, సరిగ్గా అతికించు" అంటోంది. మన పాలమూరు పిల్ల టీవీ యాంకర్ ఎప్పుడయింది? మిగతాదంతా నీకు నచ్చినట్టు రాసుకో, పిల్ల నోరు మాత్రం ముట్టుకోకు. మాట విన్నరోజే గ్యాస్ రసీదు వెనకైనా రాసిపెట్టు. వారం దాటిందా, అది నీ మాట అయిపోతుంది.

నేనూ తప్పులు చేశాను. 2018లో పిల్లలమర్రికి చెదలు పట్టి, సెలైన్ ఎక్కించినట్టు సీసాలతో మందు ఎక్కించారు, గుర్తుందా? ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే చెట్టు, మూడెకరాలు పాకిన చెట్టు. పేపర్లో ఫొటో చూసి మా చిన్నోడు, అప్పుడు ఐదేళ్ళు, "చెట్టుకు బన్ను కొంటవోదాం" అని జిద్దుకు దిగాడు. దవాఖానాకు ఉత్త చేతులతో పోరు కదా, వాడి లెక్క వాడిది. తీరా పోతే లోపలికి ఎవరినీ పంపట్లేదు. పొట్లం పట్టుకుని గేటు ముందు మట్టిలో కూర్చున్నాడు. "పిల్లలమర్రి అంటరు, పిల్లల్నెందుకు రానియ్యరు?" అని వాచ్‌మన్‌ను నిలదీశాడు. పాపం ఆయన కాసేపు ఆలోచించి, "నేను తినిపిస్త తియ్యి" అని పొట్లం అందుకున్నాడు. పదడుగులు నడిచాక వీడు వెనక్కి తిరిగి అరిచాడు: "చాయ్‌ల ముంచి పెట్టు, దానికి పండ్లు లేవు!"

ఇది రాసి పత్రికకు పంపినప్పుడు, చివర చెట్ల మీద ప్రేమ గురించి ఒక పేరా తగిలించాను. ఎడిటర్ గారు ఆ పేరా ఉంచి, బన్ను సంగతి సగం కోసేశారు. ఆయన్నేం అంటాం, ఆ పేరా పెట్టింది నేనే.

నీ కథలో నువ్వు మరీ ఓపికగా ఉన్నావు. పెనం దించేసి బయటికి పోయి, గోడకానుకుని రెండు నిమిషాలు నిలబడ్డానని నాతో అన్నావే, అదేది? నవ్వు నీ మీదికి రానీ. పిల్ల రేపు పెద్దయి ఇదంతా చదువుతుంది మరి.

అన్నట్టు, అతికించిన ఆ రొట్టె చివరికి ఎవరు తిన్నారు? నాలుగు పేజీలూ తిరగేసినా దొరకలేదు.

మీ అక్క