రెప్లికా అలాయ్స్ వేశాక స్టీరింగ్ వణుకు: ముందు మధ్య రంధ్రం చూడండి

కారుకు రెప్లికా అలాయ్స్ (కంపెనీ డిజైన్‌కు నకలుగా చేసిన అలాయ్ చక్రాలు) వేయించాక స్పీడు 80 దాటితే స్టీరింగ్ వణుకుతోందనీ, రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదనీ రాశారు కదా. టెన్షన్ పడకండి. ఒక వీల్ విప్పించి మధ్య రంధ్రం కొలిపించండి. చాలా మోడళ్లకు సరిపోవాలని రెప్లికాల్లో దాన్ని పెద్దగా పెడతారు. వీల్‌ది 73.1 మి.మీ., మీ కారు హబ్‌ది, అంటే చక్రాన్ని బిగించే మధ్య భాగానిది, 57.1 అనుకోండి, చక్రం హబ్ మీద కూర్చోదు, బోల్టుల మీదే ఆగుతుంది. వెంట్రుకవాసి పక్కకు జరిగినా వణుకే. ఆ రెండు కొలతలకు సరిపడే హబ్ రింగులు (మధ్యలోని ఖాళీని నింపేవి) వేయించండి.

బోల్టులు కూడా చూడండి. పాతవాటి అంచు గుండ్రంగా ఉండి, కొత్త వీల్ సీటు (బోల్టు కూర్చునే చోటు) కోన్ ఆకారంలో ఉంటే సరిగ్గా పట్టవు, నడుస్తుండగా వదులవుతాయి. ఇది మాత్రం ఈరోజే చూసుకోండి. వీల్ మీద లోడ్ రేటింగ్ (ఎంత బరువు మోయగలదో చెప్పే) అంకే లేకపోతే, ఎంత అందంగా ఉన్నా నేనైతే ఆ సెట్ తిరిగిచ్చేస్తాను.