స్పీడ్ పెరగాలంటే ముందు ఆ పది రౌండ్లు ఆపెయ్ తమ్ముడూ

పదో తరగతి చదువుతున్నా, 100 మీటర్లు 13.1 సెకన్లలో పరిగెడుతున్నా, రోజూ పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొడుతున్నా మూడు నెలల నుంచి టైమింగ్ కదలట్లేదు అని అడిగావు కదా. నాకు ఆ రౌండ్ల దగ్గరే తేడా కనిపిస్తోంది. నేనూ అచ్చం ఇదే చేశాను, హన్మకొండలో మట్టి గ్రౌండ్ మీద, ఎంత అలసిపోతే అంత ప్రాక్టీస్ అయినట్టు అనుకునేవాణ్ణి, ఏడాదంతా చేస్తే దమ్ము పెరిగింది గానీ స్పీడ్ అక్కడే ఉంది.

తర్వాత స్పోర్ట్స్ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన ఒక అన్న నా ప్రాక్టీస్ చూసి అంతా మార్పించాడు. 30 మీటర్లు సున్నంతో గీత గీసుకుని ఫుల్ స్పీడ్‌లో ఆరుసార్లే, ఒక్కోదానికి మధ్య మూడు నిమిషాలు ఆగాలి. పది మీటర్లకి ఒక నిమిషం రెస్ట్ అని లెక్క పెట్టుకో. అంతసేపు ఖాళీగా నడుస్తుంటే నాకే సిగ్గుగా ఉండేది, చూసేవాళ్ళు వీడు బద్ధకిస్తున్నాడు అనుకుంటారేమో అని, కానీ ఫుల్ స్పీడ్‌కి కండరంలో రెడీగా ఉండే శక్తి కొన్ని సెకన్లకే అయిపోతుంది, మళ్ళీ నిండడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, అది నిండకుండా మళ్ళీ పరిగెడితే నువ్వు స్లోగా పరిగెత్తడమే ప్రాక్టీస్ చేస్తున్నట్టు. స్పీడ్ తగ్గడం మొదలైతే ఆ రోజుకి ఆపెయ్. వారానికి మూడు రోజులు, అదీ రోజు విడిచి రోజు, చాలు. నాకు రెండు నెలల్లోనే తేడా తెలిసింది.

స్టార్ట్‌లో నేను చేసిన పెద్ద తప్పు మూడో అడుగుకే నిటారుగా లేచి ఫినిష్ లైన్ వైపు చూడటం. మొదటి పది పదిహేను మీటర్లు తల దించి నేలని వెనక్కి తోస్తూ మెల్లగా లేవాలి. ఇది నాకు పద్మాక్షి గుట్ట దగ్గర ఎత్తుగా ఉన్న చోట 20 మీటర్లు పైకి పరిగెత్తితే వచ్చింది, ఎత్తు ఎక్కేటప్పుడు ఒళ్ళు దానంతటదే ముందుకి వంగుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకోటి, చివర్లో పళ్ళు బిగపట్టి భుజాలు పైకి లాక్కుని పరిగెత్తకు. 2009 బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో కొట్టినప్పుడు కూడా అతని టాప్ స్పీడ్ 60 నుంచి 80 మీటర్ల మధ్యే, ఆ తర్వాత కొంచెం తగ్గింది. చివర్లో అందరూ స్లో అవుతారు, ఎవడు తక్కువ స్లో అయితే వాడు ముందుంటాడు, అందుకే మొహం, చేతులు వదులుగా ఉండాలి. అతను 41 అంగల్లోనే రేసు ముగించాడని నువ్వు కాళ్ళు చాపి చాపి వెయ్యకు, అతని ఎత్తు ఆరున్నర అడుగులకి దగ్గర, నీకు పాదం ఒంటికి మరీ ముందు పడితే అది బ్రేక్ వేసినట్టే.

వార్మప్ మాత్రం ఇరవై నిమిషాలకి తగ్గకూడదు, ప్లీజ్. జోనల్ మీట్‌కి రెండు వారాల ముందు లేటయిందని వార్మప్ లేకుండా 200 మీటర్లు కొట్టాను, తొడ వెనక కండరం పట్టేసి కింద పడ్డాను, ఆ ఏడాది మీట్ మొత్తం పోయింది, ఇప్పటికీ బాధే.

టైమింగ్ స్టాప్‌వాచ్‌తో తీస్తున్నారా? అయితే ఎలక్ట్రానిక్ టైమింగ్‌లో దాదాపు 0.24 సెకను ఎక్కువ వస్తుంది, నీ 13.1 అక్కడ 13.34 చూపిస్తే కంగారు పడకు. సెకనులో పాయింట్ల తేడాని కూడా చిన్నది అనుకోకు, మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2022 మేలో 13.23తో నేషనల్ రికార్డు కొట్టి, 2023 ఆగస్టుకి 12.78కి వచ్చింది. అర సెకను కూడా లేదు, దానికి పదిహేను నెలలు పట్టింది.

మీట్ ముందు వారం ప్రాక్టీస్ సగం చెయ్, బాగా నిద్రపో, కొత్త స్పైక్స్ (మేకుల బూట్లు) కొంటే కనీసం నాలుగైదు రోజులు ముందే వేసుకుని పరిగెత్తి చూస్కో.