విమానమే పెద్ద భారం

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్. చదవడానికి జర్మనీ వెళ్తోంది. పర్యావరణంపై తన భారాన్ని ఎలా తగ్గించుకోవచ్చు? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అన్నిటికన్నా ఎక్కువ భారం విమాన ప్రయాణానిదే కాబట్టి, ప్రతి పండక్కీ రావాలనుకోకుండా, సెలవులన్నీ కలుపుకొని ఒక్కసారే వచ్చి ఎక్కువ రోజులు ఉండడం మేలు, తల్లిగా మీకిది రుచించకపోవచ్చు. అక్కడ తిరగడానికి 2023లో మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. నెలనెలా డబ్బు కడితే దేశమంతటా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. చలికాలంలో గదిలోకి గాలి రావడానికి కిటికీని రోజంతా ఓరగా తెరిచి ఉంచి వేడిని వృథా చేయకుండా, హీటర్ తగ్గించి, కిటికీ తలుపులు బార్లా తీసి, అయిదు నిమిషాల్లో మూసేయడం అక్కడివారి అలవాటు. ఒక్కసారి వాడే నీళ్ల ప్లాస్టిక్ సీసాపై 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. ఖాళీ సీసాను సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. గిన్నెలు, సైకిలు చదువు ముగించుకొని వెళ్లే సీనియర్ల దగ్గర కొనుక్కోవచ్చు.