గిట్ వాడుతున్నా ఒకరు రాసిన కోడ్ ఇంకొకరి మార్పుల్లో కొట్టుకుపోతోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు నలుగురు కలిసి తెలుగులో బిల్లులిచ్చే సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. మార్పుల చరిత్ర దాచే గిట్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నారు, కోడ్ గిట్‌హబ్‌ వెబ్‌సైట్‌లో ఉంది. ఒకరు కమీషన్ లెక్క మార్చారు. అందరి కోడ్ కలిపాక చూస్తే గోతం తరుగు (గోనెసంచి బరువు) తీసే లైను లేదు. కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులూ ఢీకొన్నాయన్న హెచ్చరిక) కూడా రాలేదు. "గిట్‌లో బగ్ ఉందా? వాడకానికి మంచి చిట్కాలు చెప్పండి" అన్నారు.

గిట్‌లో బగ్ లేదు. మీలో ఎవరో వాట్సాప్‌లో వచ్చిన పాత జిప్‌ని విప్పి, ప్రాజెక్టు ఫోల్డర్ మీద పేస్ట్ చేసి కమిట్ కొట్టారు, అంటే గిట్ చరిత్రలో నమోదు చేశారు. మీ రిపాజిటరీ (చరిత్రతో సహా కోడ్ ఉండే చోటు) చూడకుండానే ఇంత గట్టిగా చెబుతున్నానంటే, కాన్‌ఫ్లిక్ట్ రాకుండా లైను పోయే దారులు ఎక్కువ లేవు కాబట్టే.

మెర్జ్ చేసేటప్పుడు, అంటే బ్రాంచీలు (విడివిడిగా సాగే పని దారులు) కలిపేటప్పుడు గిట్ రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి ఏది మంచిదో తేల్చదు. మూడు చూస్తుంది: మీ ఫైలు, అవతలివాళ్ల ఫైలు, రెండు బ్రాంచీలూ విడిపోయిన చోట ఉన్న పాత ఫైలు. ఆ పాత ఫైలుతో పోల్చి ఎవరు ఏం మార్చారో లెక్క తీస్తుంది. తరుగు లైను పాత ఫైలులో ఉంది, మీ ఫైలులోనూ అలాగే ఉంది, అవతలివాళ్ల దాంట్లో మాత్రం లేదు. అంటే మీరు దాన్ని ముట్టుకోలేదు, వాళ్లు కావాలని తీసేశారు. గిట్ చదువుకునేది అంతే. ఇద్దరూ ఒకేచోట చెయ్యి పెడితేనే కాన్‌ఫ్లిక్ట్. ఒకరే పెడితే ఆయన మాటే చెల్లుతుంది. ఆ జిప్ తరుగు లైను రాయకముందుదని గిట్‌కి ఎలా తెలుస్తుంది? ఇక నష్టం చూడండి: గోతానికి కిలో తరుగు వేసుకున్నా వంద టిక్కీల (మిర్చి గోతాల) లాటుకు ఒక క్వింటా. కొట్టాయన క్వింటా గోనెపట్టాకు మిర్చి రేటు కట్టినట్టు.

ఆ లైను ఎక్కడ పోయిందో పట్టుకోవడం తేలికే. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. గిట్ లాగ్, దాని పక్కన -ఎస్ (పెద్ద ఎస్), దానికి ఆనించి తరుగు వేరియబుల్ పేరు. ఆ పేరు ఫైలులో ఎన్నిసార్లు ఉందో ఆ సంఖ్య మారిన కమిట్లే బయటికొస్తాయి: పుట్టిన కమిట్, పోయిన కమిట్. ఇక్కడో మెలిక ఉంది. మామూలుగా ఈ వెతుకులాట మెర్జ్ కమిట్ల లోపలికి వెళ్లదు. కాన్‌ఫ్లిక్ట్ సర్దే హడావిడిలో "వచ్చింది తీసుకో" అని బటన్ నొక్కి లైను పోగొట్టుంటే ఏమీ దొరకదు. అప్పుడు -ఎమ్ (చిన్న ఎమ్) కూడా చేర్చండి. కమిట్ దొరికాక దాన్ని గిట్ షోతో తెరవండి. కమీషన్ లెక్క అని పేరు పెట్టి, లోపల సంబంధం లేని ఫైళ్లు పది మారి ఉంటే అది జిప్ పనే.

పోయిన లైను మళ్లీ టైపు చేయకండి. ఆ కమిట్‌లో చెత్త ఒక్కటే ఉంటే గిట్ రివర్ట్ చాలు, ఆ మార్పుల్ని తిరగేస్తుంది. పనికొచ్చే కమీషన్ మార్పూ అందులోనే ఉంటే గిట్ రీస్టోర్‌కి -పీ పెట్టి, --సోర్స్ దగ్గర దాని ముందు కమిట్ ఇవ్వండి. ముక్క ముక్కకీ ఇది వెనక్కి తేవాలా అని అడుగుతుంది. తరుగు ముక్కకు వై, మిగతావాటికి ఎన్. రీస్టోర్ అనేది 2019లో 2.23 వెర్షన్‌తో వచ్చింది. ల్యాబ్ సిస్టమ్‌లో అంతకంటే పాత గిట్ ఉంటే ఆ కమాండే ఉండదు, చెక్అవుట్ -పీతో అదే పని అవుతుంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. గిట్ చిట్కాలంటే అందరూ కమాండ్ల చిట్టా ఇస్తారు. మన దగ్గర ట్రైనింగ్ సెంటర్లలోనూ అంతే, బోర్డు మీద కమాండ్లు రాయించి, గిట్‌హబ్‌లో ప్రొఫైల్ పెట్టించి, అందులో రోజువారీ పని చూపే పచ్చ గళ్లు నింపమని పంపేస్తారు. గిట్ 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ప్రోగ్రామ్ అనీ, గిట్‌హబ్ 2008లో మొదలైన వెబ్‌సైట్ అనీ, రెండోది లేకపోయినా మొదటిది నడుస్తుందనీ కూడా చెప్పరు. గిట్‌లో నేర్చుకోవాల్సింది ఒకటే అలవాటు: కమిట్‌కి ముందు డిఫ్ (ఏ లైను చేరింది, ఏది పోయింది అని చూపేది) చదవడం. మీ జిప్ మిత్రుడు గిట్ డిఫ్ --స్టేజ్డ్ కొట్టి ఒక్క నిమిషం చూసుంటే, తను ముట్టుకోని ఫైలులో మైనస్ గుర్తుతో తరుగు లైను ఎర్రగా కనపడేది.

అందుకే కమిట్‌కి మార్పులు ఎంచే గిట్ యాడ్ తర్వాత చుక్క పెట్టి ఉన్నదంతా ఎత్తేయడం మానేయండి. గిట్ యాడ్ -పీ వాడండి. మార్పుల్ని ముక్కలుగా చూపిస్తుంది. వై అంటే తీసుకో, ఎన్ అంటే వదిలెయ్, ఎస్ అంటే ఇంకా చిన్న ముక్కలు చెయ్. కొత్త ఫైళ్లు ఇందులో రావు, వాటిని పేరుతో విడిగా చేర్చాలి. ఇలా చేస్తే డిఫ్ చదవక తప్పదు. మౌస్‌తోనే పని అంటే వీఎస్ కోడ్ ఎడిటర్‌లోనూ ముక్కలుగా ఎంచుకోవచ్చు, తప్పేం లేదు.

ఒక కమిట్‌లో ఒకే పని ఉంచండి. మెసేజ్‌లో "ఛేంజెస్", "ఫైనల్", "ఫైనల్ 2" అని రాస్తే సీజన్ మధ్యలో బిల్లు తప్పొచ్చినప్పుడు ఏడవాల్సింది మీరే. "పది టిక్కీల లోపు లాటుకు తరుగు రెండుసార్లు పోతోంది, సరిచేశాను" అని రాయండి. తెలుగులో రాసినా గిట్ చక్కగా దాచుకుంటుంది. చిన్న కమిట్లతో ఇంకో లాభం గిట్ బైసెక్ట్, తప్పు ఏ కమిట్‌లో మొదలైందో వెతికే కమాండ్. బాగున్న కమిట్ ఒకటి, చెడిన కమిట్ ఒకటి చూపిస్తే నడిమికి విరుచుకుంటూ పోతుంది. మధ్యలో వెయ్యి కమిట్లున్నా పదిసార్లు పరీక్షిస్తే చాలు. కాకపోతే ప్రతి కమిట్ దగ్గరా ప్రోగ్రామ్ నడవాలి. సగం రాసి ఇంటికెళ్లే ముందు కమిట్ కొట్టేవాళ్లు దీన్ని పాడుచేస్తారు.

కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు మామూలుగా రెండు వైపులే కనిపిస్తాయి. కాన్ఫిగ్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ స్టైల్‌ని డిఫ్3 అని పెట్టుకుంటే మధ్యలో మూడోదీ, అంటే విడిపోకముందు ఉన్నదీ చూపిస్తుంది. ఎవరు ఏం మార్చారో ఊహించే పని తప్పుతుంది. నలుగురూ ఈ పూటే పెట్టుకోండి.

బ్రాంచీల గురించి పెద్దగా చెప్పను. మెయిన్ ఒకటి, పనికో బ్రాంచి, అదీ రెండు మూడు రోజుల్లో కలిసిపోవాలి. నలుగురికి గిట్‌ఫ్లో (చాలా రకాల బ్రాంచీలతో నడిచే పద్ధతి) ఎందుకు? దాన్ని 2010లో ప్రతిపాదించినాయనే 2020లో, ఎప్పటికప్పుడు విడుదల చేసే వెబ్ యాప్‌లకు ఇంతకంటే సులువైన పద్ధతి చూసుకోండని రాశాడు. కొట్టులో నడిచే ప్రతి వెర్షన్‌కీ గిట్ ట్యాగ్ -ఎ కొట్టి పేరు తగిలించండి, ఏ బిల్లు ఏ కోడ్ నుంచి వచ్చిందో తెలుస్తుంది.

మొత్తం ఫైలు మారినట్టు డిఫ్ చూపించి, కంటికి మాత్రం తేడా లేకపోతే అది లైను చివరల గొడవ. విండోస్‌లో లైను చివర రెండు అక్షరాలు, లినక్స్‌లో ఒకటి. గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలులో నక్షత్రం గుర్తు (*) పెట్టి టెక్స్ట్=ఆటో అని రాసి, గిట్ యాడ్ --రీనార్మలైజ్ చేసి, దాన్ని ఒంటరి కమిట్‌గా పెట్టండి. ఇది అన్ని ఫైళ్లనూ కదిలిస్తుంది కాబట్టి ఎవరి బ్రాంచీ పెండింగ్‌లో లేనప్పుడు చేయాలి. వేసవిలో యార్డుకు సెలవులిస్తారుగా, అది సరైన సమయం.

డేటాబేస్ పాస్‌వర్డ్ కమిట్ అయిపోతే తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ మార్చండి, చరిత్ర కడగడం తర్వాత. డేటాబేస్ బ్యాకప్పులు కూడా లోపల పెట్టకండి, 100 ఎంబీ దాటిన ఫైలుని గిట్‌హబ్ తీసుకోదు. ఇప్పటికే ట్రాక్ అవుతున్న ఫైలుని గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) రాస్తే ఏమీ కాదు, గిట్ ఆర్‌ఎమ్ --క్యాష్డ్ కూడా కొట్టాలి.

రీసెట్ --హార్డ్ కొట్టి కమిట్లు పోయాయని కంగారుపడకండి, గిట్ రెఫ్‌లాగ్‌లో (మీ కదలికల చిట్టాలో) ఉంటాయి. ఏ బ్రాంచీకీ అందని కమిట్ల జాడ మామూలుగా 30 రోజులు దొరుకుతుంది. కమిట్ చేయని మార్పులు మాత్రం పోయినట్టే. యాడ్ చేసి ఉంటే గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్‌లో దొరకొచ్చు, ఫైలు పేరు లేకుండా.

కొట్టు దగ్గర నెట్ సరిగా రాదు కాబట్టే జిప్‌లు పంపుకుంటున్నాం అంటారేమో. జిప్ బదులు గిట్ బండిల్ క్రియేట్ అని, ఒక ఫైలు పేరు ఇచ్చి, చివర --ఆల్ పెట్టండి. చరిత్రతో సహా రిపాజిటరీ అంతా ఒక్క ఫైలు అవుతుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపినా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా అవతలివాళ్లు దాని నుంచే గిట్ పుల్ కొట్టుకోవచ్చు. అప్పుడు పాతదేదో కొత్తదేదో గిట్‌కి తెలుసు. ప్రాజెక్టు ఫోల్డర్‌ని తెచ్చి గూగుల్ డ్రైవ్‌లో సింక్ పెట్టడం మాత్రం వద్దు, రెండు కంప్యూటర్లు ఒకేసారి రాస్తే లోపలి గిట్ ఫోల్డర్ పాడవ్వొచ్చు.

తెలుగు బిల్లులన్నారు కాబట్టి ఇదీ చూసుకోండి. ఫైలు పేరు తెలుగులో ఉంటే గిట్ స్టేటస్‌లో 340, 260 అంటూ అంకెల వరస కనిపిస్తుంది. కాన్ఫిగ్‌లో కోర్ కోట్‌పాత్‌ని ఫాల్స్ చేస్తే పేరు తెలుగులోనే వస్తుంది. తెలుగు టెక్స్ట్ ఫైలుకి బైనరీ అని చూపిస్తే అది యూటీఎఫ్-16లో (అక్షరాలు దాచే ఒక పద్ధతి) సేవ్ అయింది, యూటీఎఫ్-8కి మార్చండి. విజయవాడ ఏలూరు రోడ్డులో డీటీపీ చేయించిన బిల్లు నమూనా ఉంటే అది అను ఫాంటుతో పేజ్‌మేకర్‌లో ఉంటుంది. దాన్ని గిట్‌లో దాచుకోవచ్చు గానీ డిఫ్ రాదు, మెర్జ్ అవదు. ఇద్దరు మారిస్తే ఒకరిది పారేయాల్సిందే. దాన్ని తెరిచే ముందు మిగతా ముగ్గురికీ ఒక మెసేజ్ పెట్టండి.