పక్షవాతం వచ్చాక అన్నీ అర్థమవుతున్నా మాట ఎందుకు రాదు?

పక్షవాతం వచ్చిన మీ మామయ్యగారికి అన్నీ అర్థమవుతున్నా మాట రావడం లేదని, కుడి చెయ్యి కూడా పడిపోయిందని అన్నారు. రెండూ మెదడులో ఇరుగుపొరుగులే. మాటను కూర్చే బ్రోకా ప్రాంతం చాలామందిలో ఎడమవైపు, ముందు భాగంలో ఉంటుంది. కుడి చేతిని కదిలించే మెదడు పట్టీ కూడా ఆ ఎడమవైపే, దాని వెనకే. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, ‘టాన్’ అన్న ముక్క తప్ప దాదాపు ఏమీ పలకలేని రోగి మెదడులో ఈ ప్రాంతమే దెబ్బతిని ఉండటం చూశాడు. మాటను గ్రహించే వెర్నికే ప్రాంతం ఇంకా వెనక, చెవికి కాస్త పైన ఉంటుంది. బహుశా మామయ్యగారికి అది దెబ్బతినకుండా మిగిలింది, అందుకే అన్నీ అర్థమవుతున్నాయి.

మలక్‌పేటలో మా పొరుగాయనదీ ఇదే అవస్థ. ఇరానీ హోటల్లో ‘చాయ్’ అనబోయి, రాక, ఎడమ చేత్తో కప్పు చూపిస్తారు. అదే మనిషి త్యాగరాజ కీర్తన పల్లవిని పదాలతో సహా పాడతారు! పాటకు కుడి మెదడూ తోడు వస్తుంది మరి. స్పీచ్ థెరపీ ఇంకా మొదలుపెట్టకపోతే ఆలస్యం చేయకండి.