కీమో మొదలయ్యాక ప్రార్థనలో మనసు నిలవకపోతే

ఇది విశ్వాసం సన్నగిల్లడం కాదు, చాలావరకు మందుల ప్రభావం. నాలుగో కీమో తర్వాత ప్రార్థనకు కూర్చుంటే మీకు ఏమీ అనిపించట్లేదని, దేవుడు వదిలేశాడేమోనని రాశారు. కీమో నీరసం నిద్రపోయినా తీరదు, ఏకాగ్రత కూడా తగ్గొచ్చు.

1. గంటసేపు కూర్చోవడం ఇప్పటికి మానేయండి. ఓపికున్న వేళ రెండు నిమిషాలు, ఊపిరితో పాటు ఒక్క నామం. చాలు.

2. చాలామంది దాటేసేది ఇదీ: కోపం. "నాకే ఎందుకు?" అని అడగడం పాపమనుకుని మింగేస్తారు. అది గొంతులో అడ్డుపడితే ఇంకే మాటా బయటికి రాదు. చెరసాలలో రామదాసు రాముణ్ణి నిలదీశాడు, బైబిల్లో యోబూ అంతే. దేవుడికి ఉత్తరం రాయండి, మర్యాద చూసుకోకుండా. అమ్మ జబ్బుపడ్డప్పుడు నేను నెలల తరబడి మింగాను. రాసిన రాత్రే మొదటిసారి ఏడవగలిగాను.

(కర్మఫలం అనేవాళ్ల మాట దయచేసి పట్టించుకోకండి.)

3. డాక్టరుకూ చెప్పండి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయంకాని జబ్బున్నవాళ్లను చూసుకునే ఆస్పత్రి) స్థాపించిన డాక్టరు సిసిలీ సాండర్స్ శరీరం, మనసు, బంధాలు, ఆత్మ, ఈ నాలుగు బాధలనూ కలిపే చూడాలన్నారు. పాలియేటివ్ కేర్ (జబ్బుతో వచ్చే బాధను తగ్గించే వైద్యం) చివరి రోజులకు మాత్రమే కాదు, ఇప్పుడే అడగొచ్చు.

4. రెండు వారాలుగా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. చనిపోవాలనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ క్షణమే పక్కనున్నవాళ్లకు, ఆస్పత్రికి చెప్పండి.